తెరచాప పడవ దాకా చేర్చే తొట్టి: ఇంట్లో చేసుకుని నీళ్లలో వాడుకునే తీరు

సముద్రం ఒడ్డున ఆటుపోట్లు రోజుకు రెండేసి సార్లు వస్తాయి. మన ఉత్తర తెలంగాణ జలాశయాలకు మాత్రం ఏడాదికి ఒక్కసారే. వానాకాలం చివర పోటు, ఎండాకాలం చివర ఆటు. 24 టీఎంసీల లోయర్ మానేరునే తీసుకోండి. నిండిన ఏడాది అక్టోబరులో కట్ట రాళ్లను తాకుతూ ఉండే నీళ్లు, మే వచ్చేసరికి ఎక్కడికో జరిగిపోతాయి. ముందు పగుళ్లు పట్టిన నేల, తర్వాత మోకాలి లోతు బురద, అది దాటితే గానీ నీళ్లు కనపడవు.

అడుగున కీల్ అనే బరువైన రెక్క మూడడుగులు వేలాడే తెరచాప పడవ ఆ బురద దగ్గరికి రాలేదు. లోతున్న చోట బోయాకు, అంటే అడుగున లంగరు వేసి నీటి మీద తేల్చి ఉంచే గుండుకు, కట్టేసి ఉంచాల్సిందే. ఒడ్డు నుంచి దాని దాకా పోవడానికి ఇంకో చిన్న పడవ కావాలి. పడవల వాళ్ల భాషలో దాన్ని టెండర్ అంటారు. హనుమకొండలో ఎవరితోనైనా "టెండర్ తయారుచేస్తున్నా" అని చూడండి, ఏ రోడ్డు పని వచ్చిందని అడుగుతారు. నేను చేసినదాన్ని చూసిన మత్స్య సంఘం పెద్దాయన "ఇది పడవేంది సారూ, బర్రెలకు కుడితి పోసే తొట్టి లెక్కున్నది" అన్నాడు. అప్పటి నుంచి దాని పేరు తొట్టే. ఇక్కడా ఆ పేరుతోనే చెప్తాను.

తెరచాప పడవ తెచ్చుకున్నవాళ్లంతా దాని గురించే చదువుతారు. తొట్టి సంగతి తర్వాత చూసుకోవచ్చులే అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. రెండేళ్లలో నేను నీళ్లలో పడింది మూడుసార్లు. మూడుసార్లూ తొట్టి దగ్గరే. అందుకే కింద తొట్టి తయారీ కన్నా దాన్ని వాడే తీరు మీదే ఎక్కువ రాశాను.

ముందు అడగాల్సినవాళ్లు

నీళ్లు నీటిపారుదల శాఖవి, చేపలు మత్స్య సహకార సంఘానివి. ఇద్దరినీ అడగాలి. శాఖ అనుమతి రాతలో తీసుకోండి. సంఘం వాళ్ల దగ్గరికి మాత్రం స్వయంగా వెళ్లి, కట్ట మీద కూర్చుని మాట్లాడండి. వలలు ఎటు వేస్తారో, నీళ్లు తగ్గినప్పుడు ఏ మొద్దులు తేలతాయో, మునిగిన ఊరి బావులు ఎక్కడున్నాయో వాళ్లకు తెలుసు. ఏ మ్యాపూ ఇంత చెప్పదు.

పాకాల అభయారణ్యంలో ఉంది కాబట్టి అక్కడ అటవీ శాఖ మాటే చెల్లుతుంది. ధర్మసాగర్, వడ్డేపల్లి నీళ్లు వరంగల్ తాగే నీళ్లు. అక్కడ ఈ సరదా వద్దు.

ఎంత తొట్టి కావాలి

పెద్దది చేయాలనిపిస్తుంది, చేయకండి. బురద మీద ఒక్కరే లాగగలగాలి, ఇద్దరు ఎత్తి బొలెరో ట్రాలీలో వేయగలగాలి. ఏడున్నర అడుగుల పొడవు, అంచుల దగ్గర 44 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు, చదునైన అడుగు, ముందు కూడా మొనదేలకుండా చిన్న పలకతో మొండిగా ఉండే ఆకారం చాలు. మొనదేలిన ముక్కు అందంగా ఉంటుంది కానీ, అంత పొట్టి పడవలో ముక్కు దగ్గర కూర్చుంటే ఒరిగిపోతుంది. మొండి ముక్కుంటే అక్కడ కూడా మనిషి కూర్చోవచ్చు.

ఇలాంటి తొట్టి ఒక సెంటీమీటరు మునగాలంటే దాదాపు 18 నుంచి 20 కిలోల బరువు పడాలి. తొట్టి 35 కిలోలు, మనుషులిద్దరు 140, సామాను 10 అనుకుంటే దాదాపు పది సెంటీమీటర్లు మునుగుతుంది. అడుగు ముందూ వెనకా కొద్దిగా పైకి వంగి ఉంటుంది కాబట్టి నడుమ ఇంకాస్త ఎక్కువ. నీళ్లలో దించాక లెక్కలు పక్కన పెట్టి చెయ్యి చాపి చూడండి. నీటికీ అంచుకూ మధ్య జానెడు లేకపోతే ఎక్కినవాళ్లలో ఒకరు దిగాలి. మా బావమరిది 95 కిలోలు. ఆయన వచ్చిన రోజు ఎప్పుడూ రెండు ట్రిప్పులే.

చేయడం

కుట్టి అతికే పద్ధతి మనలాంటివాళ్లకు సులభం. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలను అంచుల వెంట రాగి తీగతో కుట్టి, మూలల్లో ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) ముద్ద పెట్టి, పైన ఫైబర్‌గ్లాస్ పట్టీ అంటించడమే. ఇందులో చెక్కకు చెక్క కలిపే వడ్రంగి జాయింట్లు ఒక్కటీ లేవు. చీర ఫాల్ కుట్టడం చూసినవాళ్లకు మిగతాది అర్థమైపోతుంది.

రెండు షీట్లు సరిపోతాయి, 8 అడుగులు ఇంటూ 4 అడుగులవి. షాపుల్లో ప్రతిదాన్నీ "మెరైన్" అంటారు. షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూడండి. నమ్మకం కుదరకపోతే అరచేయంత ముక్క అడిగి తెచ్చుకుని, పనికిరాని గిన్నెలో ఓ పూటంతా ఉడకబెట్టండి. పొరలు విడిపోయాయా, ఆ షాపుకు మళ్లీ వెళ్లొద్దు. గిన్నె మాత్రం నిజంగా పనికిరానిదే తీసుకోండి. ఈ విషయంలో మా ఇంటావిడ ఇప్పటికీ నన్ను క్షమించలేదు.

షీటు మీద పెన్సిల్ పెట్టకముందే అట్టతో నమూనా చేయండి. అడుగుకు అంగుళం లెక్కన. ఇంట్లో పాత పెండ్లి పత్రికలు ఉంటాయి కదా, ఆ దళసరి అట్ట దీనికి సరిగ్గా సరిపోతుంది. అడుగు పలక, రెండు పక్కలు, ముందు వెనక పలకలు, మొత్తం అయిదు ముక్కలు. టేపుతో అతికించి, పక్కలు బయటికి ఎంత వాలాలో, ముందుభాగం ఎంత పైకి లేవాలో నచ్చేదాకా కత్తిరించండి. నావి నాలుగు నమూనాలు చెత్తబుట్టలోకి పోయాయి. షీట్లు మాత్రం ఒక్కటీ పాడవలేదు.

నచ్చిన నమూనాను పన్నెండు రెట్లు పెంచి షీటు మీద గీసి కోయండి. అంచు నుంచి సెంటీమీటరు లోపలికి, జానెడుకు కాస్త తక్కువ దూరంలో ఒక్కో రంధ్రం వేసుకుంటూ పొండి. కరెంటు వైరు ఒలిచి తీసిన రాగి తీగతో కుట్టి, మెలిపెట్టండి. అప్పుడే పూర్తిగా బిగించొద్దు. రెండు మూలల నుంచి అడ్డంగా తాడు పట్టి కొలవండి, రెండు కొలతలూ సమానం వచ్చాకే బిగించాలి. ఇక్కడ వంకర పోతే నీళ్లలో తొట్టి జీవితాంతం ఒక పక్కకే లాగుతుంది.

ఎపాక్సీ దగ్గర మన ఎండలతో చిక్కు. వేడి పది డిగ్రీలు పెరిగితే అది గట్టిపడే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. డబ్బా మీద రాసిన సమయం 25 డిగ్రీల లెక్క. ఓరుగల్లులో ఏప్రిల్ మధ్యాహ్నం 42 ఉంటుంది. నేను మొదటిసారి లోతు మగ్గులో అర లీటరు ఒకేసారి కలిపాను. చూస్తుండగానే పొగలొచ్చి మగ్గు కరిగింది. కొద్దికొద్దిగా, వెడల్పు పళ్లెంలో పల్చగా పరిచి కలపండి, తెల్లవారుజామున పని పెట్టుకోండి. డిసెంబరు, జనవరిలో అయితే ఈ తలనొప్పే లేదు. మూలల్లో పెట్టే ముద్దకు ఎపాక్సీలో మెత్తటి రంపపు పొట్టు కలిపి, పల్లీ చట్నీ అంత గట్టిగా చేసి, చెంచా వెనక భాగంతో నున్నగా లాగండి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఎపాక్సీ దురద మళ్లీ వదలదు.

ఫైబర్ షాపుల్లో ఎక్కువగా దొరికేది పాలిస్టర్ రెసిన్. చవక. కానీ చెక్కను ఎపాక్సీ పట్టినంత గట్టిగా పట్టదు. తొట్టి మొత్తానికి పట్టేది నాలుగు కిలోలే కాబట్టి ఇక్కడ డబ్బు మిగల్చాలని చూడొద్దు. చివర్లో పెయింట్ తప్పక వేయాలి. ఎపాక్సీ నీళ్లకు తట్టుకుంటుంది కానీ ఎండకు పాడవుతుంది. లేత రంగు వేయండి, ముదురు రంగు తొట్టి ఎండలో పెనంలా కాలుతుంది. నాది పసుపు, దూరం నుంచి కూడా కనపడుతుంది.

అడుగున వెనక వైపు నిలువుగా ఒక చిన్న చెక్క రెక్క బిగించడం మరిచిపోవద్దు. అది లేకపోతే తొట్టి పుట్టిలాగా గిరగిరా తిరుగుతుంది.

ముంచి చూడండి

ఇది వదిలేయకూడని పని. తొట్టిని మొదటిసారి నీళ్లలో పెట్టిన రోజే, నడుము లోతులో నిలబడి, కావాలని ముంచండి. చుట్టాలు చూస్తుంటే ఇంకా మంచిది.

నిండా మునిగిన తొట్టిలో అయిదారు వందల లీటర్ల నీళ్లుంటాయి. చెక్క తేలుతుంది గానీ మీ బరువు మోయదు. అందుకే గాలి నింపిన డబ్బాలు కట్టాలి. మూత గట్టిగా బిగిసే 20 లీటర్ల ప్లాస్టిక్ క్యాను ఒక్కొక్కటి దాదాపు 19 కిలోలు మోస్తుంది. నాలుగు పెడితే ఒక మనిషి ఎక్కి నీళ్లు తోడుకునేంత ఆసరా దొరుకుతుంది. వాటిని అడుగున నడుమ పెట్టొద్దు. అలా పెడితే మునిగిన తొట్టి వాటి మీద దొర్లి బోర్లా పడుతుంది. రెండు పక్కలా, అంచు కిందికి, పీటల చివర్లలో కట్టాలి. కట్టు ఎంత గట్టిగా ఉండాలంటే, తొట్టి మునిగినప్పుడు 19 కిలోల బరువు పైకి లాగుతున్నా ఊడకూడదు. నైలాన్ పట్టీ వాడండి, ప్లాస్టిక్ సుతిలి తెగుతుంది.

ముంచాక లోపలికి ఎక్కి కూర్చోండి. అంచు నీటిపైన ఉందా? బకెట్‌తో తోడుతుంటే తోడిన నీళ్ల కన్నా ఎక్కువ అంచు మీంచి లోపలికి వస్తున్నాయా? వస్తుంటే ఇంకో రెండు డబ్బాలు కట్టాలి. నీళ్లు తోడడానికి అయిదు లీటర్ల నూనె క్యాన్ అడుగు కోసి వాడండి. దాని పిడికి తాడు కట్టి పీటకు ముడివేయండి. అవసరం వచ్చిన రోజు అది తేలుతూ పోకూడదు.

తెడ్లు

మార్కెట్లో దొరికే పొట్టి ప్లాస్టిక్ తెడ్లు రబ్బరు బోట్లవి, పనికిరావు. లెక్క చూసుకోండి. తెడ్లు ఆని తిరిగే కొక్కేలు అంచుకొకటి ఉంటాయి, ఆ రెండింటి మధ్య దూరం 44 అంగుళాలు. అందులో సగానికి రెండు అంగుళాలు కలిపితే 24. తెడ్డులో కొక్కెం లోపల ఉండాల్సిన భాగం అదే. మొత్తం పొడవులో అది 25 పాళ్లకు 7 పాళ్లు ఉండాలి. అంటే తెడ్డు దాదాపు 86 అంగుళాలు, ఏడడుగుల పైన కొంచెం. ఏడడుగులకు కోస్తే తొట్టిలో సాపుగా పడతాయి కూడా.

చెక్క తేలికగా ఉండాలి. జామాయిల్ కర్ర చవకే గానీ గంటసేపటికి భుజాలు పోతాయి. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కలో కణుపులు లేని బద్దలు ఏరుకుని, రెండేసి అతికించి చెక్కండి. కొస పలక అయిదు అంగుళాల వెడల్పు చాలు. వార్నిష్ అంతటా వేయండి, చేతిపిడికి మాత్రం వద్దు. వార్నిష్ పట్టిన పిడి చేతులకు బొబ్బలెక్కిస్తుంది. కొక్కెంలో ఆనే చోట పాత సైకిల్ ట్యూబ్ చుట్టండి.

కొక్కేలను వెల్డింగ్ షాపులో ఇనుప రాడ్ వంచి చేయించవచ్చు. వాటిని పీట అంచు నుంచి తొట్టి వెనక భాగం వైపు ఒక అడుగు దూరంలో, పీట కన్నా ఏడెనిమిది అంగుళాల ఎత్తులో బిగించండి. తొక్కడానికి కాళ్ల దగ్గర ఒక అడ్డకర్ర పెట్టుకోండి. తెడ్డు లాగేది చేతులు కాదు, కాళ్లూ వీపూ. కాళ్లకు ఆనిక లేకపోతే ఆ బలమంతా పీట మీద జారడానికే పోతుంది.

రెండో జత కొక్కేలు ముందు పీట దగ్గర కూడా పెట్టండి. ఒక్కరే ఉన్నప్పుడు నడుమ కూర్చుని వేయాలి. ఇంకొకరు వెనక కూర్చుంటే మీరు ముందు పీటకు జరగాలి. లేకపోతే వెనక భాగం నీళ్లను ఈడ్చుకుంటూ పోతుంది, ఎంత వేసినా కదలదు. ఈ రెండో జత ఎందుకో నాకు ఏడాది దాకా అర్థం కాలేదు. తప్పంతా బావమరిది బరువు మీద వేశాను.

బురద దాటడం

మన దగ్గర టెండర్ పనిలో కష్టమైనది ఇదే. సముద్రం వాళ్ల పుస్తకాల్లో దొరకదు.

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నీటి అంచు చుట్టూ పట్టీలా బురద ఉంటుంది. పైన ఎండి గట్టిగా కనపడుతుంది, కాలు పెడితే పిక్క దాకా దిగుతుంది. చెప్పులు వదిలేయండి, అవి బురదకే సొంతం. తొట్టిని ముందు పెట్టి, దాని వెనక అంచు మీద రెండు చేతులూ ఆనించి, బరువంతా దాని మీద వేసి తోయండి. చదునైన అడుగు బురద మీద జారుతుంది, కాలు దిగబడినా తొట్టి మిమ్మల్ని మోస్తుంది. తొట్టిని వెనక పెట్టుకుని తాడుతో లాగితే మీరు దిగిపోతూ ఉంటారు, అది కదలదు. గట్టి నేల మీదకు మాత్రం పాత సైకిల్ చక్రాలు రెండు ఇరుసుకు బిగించి వెనక పెట్టుకుంటే సుఖం.

నీళ్లు దిగిన నేలలో పాత బావులుంటాయి. కొన్నింటికి ఒరలు కూలి, నోటిదాకా ఒండ్రు నిండి, పైకి మామూలు బురదలాగే ఉంటాయి. సంఘం వాళ్లు నడిచే బాట ఉంటుంది, దాని మీదే పొండి. చేతిలో గెడకర్ర పట్టుకుని ముందు పొడిచి చూసి అడుగు వేయండి. అదే కర్ర తర్వాత లోతు చూడటానికీ, ఒడ్డు నుంచి తోసుకోవడానికీ పనికొస్తుంది.

తెరచాప పడవ దగ్గరికి చేరడం

తొట్టిలోకి ఎక్కేటప్పుడు కాలు సరిగ్గా నడుమ పెట్టి, వెంటనే కూర్చోవాలి. నిలబడి చుట్టూ చూసేది తర్వాత. ఇద్దరైతే ఒకరు పూర్తిగా కూర్చున్నాకే రెండోవాళ్లు కదలాలి.

తెడ్డు వేసేవాళ్లు వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. మెడ తిప్పి తిప్పి నొప్పి పెట్టుకోకుండా, వదిలి వచ్చిన ఒడ్డు మీద రెండు గుర్తులు చూసుకోండి. తూము గది, దాని వెనక ఒక తాడిచెట్టు. ఆ రెండూ ఒకే వరసలో ఉన్నంత సేపు మీరు తిన్నగా పోతున్నట్టే. అయిదారు వేటులకు ఒకసారి భుజం మీంచి చూస్తే చాలు. చూడాల్సింది వలల కోసం. థర్మాకోల్ ముక్కలూ, ఖాళీ నీళ్ల సీసాలూ వరసగా తేలుతుంటే అది వల. చుట్టూ తిరిగి పొండి, మీదుగా పోవద్దు. పొరపాటున తెడ్డుకు చిక్కితే కోయకుండా విప్పాలి. ఆ వల ఖరీదు వాళ్లకు కొన్ని రోజుల కూలి.

బోయాకు కట్టిన పడవ ఎప్పుడూ గాలికి ముఖం పెట్టి ఉంటుంది. మీరు దాని వెనక నుంచి, మీరు కూడా గాలికి ఎదురుగానే, దాని పక్కకు రండి. అప్పుడు గాలే మీకు బ్రేకు. తెడ్డు ఆపితే తొట్టి ఆగుతుంది. గాలి వెనక నుంచి తోస్తుండగా వస్తే నేరుగా పోయి గుద్దుకుంటారు. చేరాల్సిన చోటు పడవ నడుమ, వాడకొయ్యను (తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని) పట్టి ఉంచే ఇనుప తీగల దగ్గర. అంచు అక్కడ తక్కువ ఎత్తు, పట్టుకోవడానికి తీగ ఉంటుంది. అలలున్నప్పుడు పడవ వెనక కిందికి వెళ్లకండి, అది లేచి పడుతుంటే రోకలి పోటే.

మూడు నాలుగు అడుగుల దూరం ఉండగానే పడవ వైపు తెడ్డును లోపలికి తీసేయండి. లేకపోతే వేళ్లు నలుగుతాయి. రెండో తెడ్డుతో చివరి నెట్టు నెట్టి, తీగను పట్టుకోండి. తర్వాత చేసే మొదటి పని ఎక్కడం కాదు, తాడు కట్టడం. బర్రెను గుంజకు కట్టినట్టే, రెండు చుట్లు చుట్టి రెండు ముళ్లు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు అని ఊరికే అనలేదు. మొదటి ఏడాది నేను తాడు కట్టకుండా, పడవ అంచు పట్టుకుని లేచాను. చేతులు పడవ మీద, కాళ్లు తొట్టిలో. లేచే కాళ్లు తొట్టిని వెనక్కి తోస్తాయి కదా, అది మెల్లగా జరగడం మొదలుపెట్టింది. మధ్యలో నేను వంతెనలాగా సాగుతూ పోయాను. ఇటు దూకలేను, అటు పోలేను. అయిదు సెకన్లు పట్టిందేమో. ఫోనూ, బైకు తాళమూ ఇప్పటికీ మానేరు అడుగునే ఉన్నాయి.

తాడు కట్టాక రెండు చేతులతో పడవను పట్టుకుని, తొట్టి నడుమ నుంచే లేచి, ఒక్క ఊపున పైకి వెళ్లండి. తొట్టి అంచు మీద కాలు పెట్టొద్దు. సామాను చేతిలో పట్టుకుని ఎక్కొద్దు. ముందు సామాను పడవలో పెట్టండి, లేదా ఎక్కాక తాడుతో లాక్కోండి. దిగేటప్పుడు బరువైన మనిషి ముందు దిగి నడుమ కూర్చోవాలి, అప్పుడు తొట్టి నిలకడగా ఉంటుంది.

తొట్టి అంచు చుట్టూ పాత తోటగొట్టం చీల్చి తొడిగితే పడవ రంగు గీసుకుపోదు.

లాగుకుపోవాలా, వదిలి పోవాలా

ఎక్కువసార్లు వదిలి పోవడమే మేలు. బోయాకు తొట్టిని కట్టేసి మీరు తెరచాప ఎత్తుకుని పొండి. వెనకాల లాగితే పడవ వేగం తగ్గుతుంది, మలుపులో తాడు చుక్కానికి చుట్టుకుంటుంది. పసుపు తొట్టి బోయా దగ్గర ఉంటే సాయంత్రం వెలుతురు తగ్గినప్పుడు చోటు వెతుక్కోవడం కూడా సులువు.

అవతలి గట్టుకు పోయి దిగాలనుకుంటే లాగక తప్పదు. అప్పుడు తెడ్లూ, బకెట్టూ, అన్నీ తీసి పడవలో పెట్టండి, తొట్టి ఖాళీగా ఉండాలి. లాగే తాడు తొట్టి ముక్కుకు పైన కాకుండా బాగా కింద, నీటి మట్టానికి దగ్గర్లో కట్టాలి. అప్పుడు ముక్కు పైకి లేచి నీళ్ల మీద పోతుంది. పైన కడితే ముక్కు కిందికి దిగి నీళ్లు మింగుతుంది. ముక్కు పలక వెనక చెక్క దిమ్మ పెట్టి, ఆరపార బోల్టుతో కొక్కెం బిగించండి. తాడు పాలీప్రొపైలిన్‌ది తీసుకుంటే నీటి మీద తేలుతుంది. నైలాన్ మునిగిపోయి మోటారు రెక్కలకు చిక్కుతుంది. మోటారు వెనక్కి తిప్పే ముందు తాడు దగ్గరికి లాక్కోవడం అలవాటు చేసుకోండి.

గాలి, మబ్బు

మీరు తెడ్డు వేసి పోగలిగేది గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు. ఎదురు గాలి గట్టిగా ఉంటే అది సున్నా అవుతుంది, ఇంకా పెరిగితే వెనక్కి పోతారు. మోసం చేసేది ఒడ్డు నుంచి నీళ్ల వైపు వీచే గాలి. కట్ట చాటున నీళ్లు పళ్లెంలో పోసినట్టు ఉంటాయి. యాభై గజాలు పోయాక కట్ట చాటు అయిపోతుంది, అప్పుడు తెలుస్తుంది. కాబట్టి నీళ్ల అంచు చూసి నిర్ణయించుకోకుండా, దూరంగా మీ పడవ చుట్టూ అలల తలలు తెల్లగా విరుగుతున్నాయేమో చూడండి. విరుగుతుంటే ఆ రోజు తొట్టి దించొద్దు.

జూన్, జూలై పడమటి గాలి తెరచాపకు పండుగ. హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే చిన్న తెరచాప పడవల పోటీలు జూలైలో పెట్టేది ఊరికే కాదు. తొట్టికి మాత్రం ఆ నెలల్లో పొద్దున్నే మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక మబ్బు నల్లగా లేస్తే, మొదటి ఉరుము కోసం ఆగకుండా ఒడ్డుకు చేరాలి. ఆ ఈదురుగాలి పది నిమిషాల్లో వచ్చి పడుతుంది, ఆ లోపు తెడ్డుతో తప్పించుకోలేరు.

చిక్కుకుపోతే ఏం చేయాలి? తొట్టిలో ఎప్పుడూ ఒక చిన్న లంగరు ఉంచండి. కొనక్కర్లేదు. బావిలో పడ్డ బకెట్లు తీసే పాతాళగరిగె ఉంటుంది కదా, దానికి ముప్పై మీటర్ల తాడు కట్టండి. గాలికి కొట్టుకుపోతుంటే తెడ్లతో పోరాడి అలిసిపోకుండా దాన్ని వదిలి, తొట్టి అడుగున కూర్చుని, గాలి తగ్గేదాకా ఆగండి. తాడు లోతుకు అయిదు రెట్లు వదిలితేనే అది పట్టు దొరికించుకుంటుంది.

లైఫ్ జాకెట్ తొడుక్కోండి. తొట్టిలో పక్కన పెట్టుకోవడం కాదు, నేల మీదే తొడుక్కుని బకిల్ పెట్టుకున్నాక తొట్టిని ముట్టుకోవాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర మునిగిన పడవలో వరంగల్ పక్కన కడిపికొండ వాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో పడవ అనే మాటే ఎత్తనివ్వలేదు. జాకెట్ లేకుండా నీళ్ల దగ్గరికి పోనని మాట ఇచ్చాకే ప్లైవుడ్ ఇంట్లోకి వచ్చింది. "ఈత వచ్చు" అనేవాళ్లకు ఒకటే చెప్తాను. నేను పడ్డ మూడుసార్లూ ప్యాంటు, చొక్కాతో పడ్డాను. తడిసిన జీన్స్‌తో పది గజాలు ఈదడం ఒకసారి నడుము లోతులోనే ప్రయత్నించి చూడండి.

ఇంటికి తెచ్చాక

తొట్టిని బోర్లించి, రెండు దుంగల మీద, నీడన పెట్టండి. వెల్లకిలా పెడితే వాన నీళ్లు నిలిచి మూలల నుంచి చెక్క కుళ్లుతుంది. క్యాన్ల మూతలు ఎండకాలం తీసి ఉంచండి. మూసి ఎండలో పెడితే ఉబ్బి పగులుతాయి. దించే ముందు మళ్లీ బిగించారో లేదో ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడాలి. ఏడాదికోసారి అడుగు అంచుల వెంట గీతలు వెతకండి. బురదలో రాళ్లు గీసినచోట పెయింట్ పోయి చెక్క కనపడితే, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ పూసి, మళ్లీ రంగు వేయండి.

కొన్ని వారాలు వాడకుండా ఉంచిన తొట్టిని ఎత్తేటప్పుడు వేళ్లు అంచు కిందికి పెట్టకండి. ముందు కర్రతో ఒక పక్క లేపి, కాసేపు ఆగి చూడండి. పీట కింద కందిరీగలు గూడు పెడతాయి, దుంగల కింద తేళ్లు చేరతాయి. పోయిన జూన్‌లో నా తొట్టి కింద ఒక జెర్రిపోతు పడుకుని ఉంది. దానికి పొద్దెక్కేదాకా తీరిక దొరకలేదు, నాకు ఆ పూట తెరచాప గాలి చేజారింది.